‘చేతివాటం’ అన్న మాటకు ఏడాదే గడువు: సరిహద్దు జిల్లాల ఉద్యోగులకు ఏ దారి మేలు?

ఇలా అనుకుందాం. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక గోడౌను. అక్కడ లెక్కలు రాసే కుర్రాడిది ఆ ఊరే, ఓనరు ఉండేది శ్రీకాకుళంలో. నెలాఖరు లెక్కలో జీడిపప్పు ఆరు బస్తాలు తేడా వచ్చింది. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో ఓనరు మెసేజు పెట్టాడు: "వీడి చేతివాటం ఇప్పటికి బయటపడింది. రేపట్నుంచి గేటు లోపలికి రానివ్వొద్దు." గ్రూపులో స్టాఫుతో పాటు బరంపురం వ్యాపారులు ఇద్దరు, లారీ బ్రోకరు ఒకడు ఉన్నారు.

తెల్లారేసరికి ఆ కుర్రాడికి సలహాలు మొదలవుతాయి. స్టేషనుకు వెళ్లమని ఒకరు, లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టమని ఇంకొకరు, పది లక్షలకు దావా వెయ్యమని మరొకరు, పెద్దమనుషుల్లో పెట్టమని మేనమామ. వీటిలో ఏదీ పనికిరాని సలహా కాదు. అయితే ఒక్కోదానికి ఒక్కో గడువు ఉంది, ఒక్కోదాంట్లో దొరికేది ఒక్కోటి. ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతున్నంత కాలం ఇంకో దారి గడువు మాత్రం కరుగుతూనే ఉంటుంది. మంచి కేసులు కూడా ఎక్కువగా చెడేది అక్కడే.

ముందు ఏడాది లెక్క

పరువు నష్టానికి డబ్బు అడిగే సివిల్ దావాకు 1963 లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు ఒక్క ఏడాది. రాసిన మాటకు 75వ ఆర్టికల్, నోటి మాటకు 76వ ఆర్టికల్. రాతకైతే ప్రచురణ జరిగిన రోజు నుంచి, నోటి మాటకైతే మామూలుగా అన్న రోజు నుంచి లెక్క. ప్రచురణ అనగానే పేపర్లో అచ్చు కావాలనుకుంటారు. అక్కర్లేదు, మీరు కాక మూడో మనిషి ఒక్కడు చదివితే చాలు. మీ ఒక్కరి పేరున కవర్లో వచ్చిన తొలగింపు ఉత్తరంలో ఎంత దారుణంగా రాసినా అది ప్రచురణ కిందికి రాదు. దాన్ని మీరే నలుగురికీ చూపించుకుంటే ఆ చూపించింది ఓనరు కాదు. అదే ఉత్తరం నకలు గేటు దగ్గర నోటీసు బోర్డుకు అంటిస్తే, లేదా మీరు చేరబోయే కంపెనీ హెచ్‌ఆర్‌కు మెయిల్ చేస్తే, అప్పుడు ప్రచురణే.

చాలామంది బోల్తా పడేది ‘నాకు తెలిసిన రోజు నుంచి’ అన్న లెక్క దగ్గర. ఆర్టికల్‌లో ఉన్నది ప్రచురించిన రోజు, మీ చెవిన పడ్డ రోజు కాదు. పాత కంపెనీ మీ గురించి ఏం రాసి పంపిందో ఏడాదిన్నర తర్వాత ఎవరో చెబితే, సాధారణంగా సివిల్ దావాకు వేళ మించిపోయినట్టే. అందుకే చేరాల్సిన ఉద్యోగం కారణం చెప్పకుండా ఆగిపోతే, ఏ కాగితం చూసి ఆపారో ఆ వారంలోనే రాతపూర్వకంగా అడగాలి.

రోజుల లెక్క ఇలా వేస్తారు. మెసేజు 2025 నవంబరు 14న పడిందంటే ఆ రోజును వదిలేస్తారు. ఆఖరి రోజు 2026 నవంబరు 14. అది రెండో శనివారం. కోర్టు మూసి ఉంటే మళ్లీ తెరిచిన రోజున, అంటే సోమవారం 16న, దాఖలు చెయ్యవచ్చు. అంతకు మించి ఒక్క రోజు కూడా లేదు. ఆలస్యాన్ని మన్నించమని కోరే లిమిటేషన్ చట్టం 5వ సెక్షను అప్పీళ్లకూ అర్జీలకూ పనికొస్తుంది గానీ దావాకు పనికిరాదు. ఆస్పత్రిలో ఉన్నా, వలస పోయినా జడ్జి చేతిలో ఏమీ ఉండదు.

లాయరు నోటీసు ఇస్తే గడువు ఆగుతుందన్న నమ్మకం మన జిల్లాల్లో బాగా పాతుకుపోయింది. ఆగదు. ప్రైవేటు ఓనరు మీద వేసే దావాకు ముందు నోటీసు తప్పనిసరి కూడా కాదు. కంపెనీకి ఇచ్చిన ఫిర్యాదు, లేబర్ ఆఫీసులో వాయిదాలు, పెద్దమనుషుల తీర్పు, వీటిలో ఏదీ గడియారాన్ని ఆపదు. ఉన్న మినహాయింపు ప్రభుత్వం మీద వేసే దావాకే: సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను ప్రకారం రెండు నెలల నోటీసు ఇవ్వాలి, ఆ రెండు నెలలను గడువులోంచి మినహాయిస్తారు. ప్రభుత్వ రంగ కంపెనీలో పనిచేసేవాళ్లు మాత్రం ఈ మినహాయింపు తమకూ వస్తుందని కూర్చోకూడదు.

పోస్టు ఇంకా ఫేస్‌బుక్‌లో ఉంది కాబట్టి రోజూ కొత్త గడువు పుడుతుందనే వాదన ఒకటుంది. 2013లో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. మొదట పెట్టిన రోజు నుంచే ఏడాది అంది. ఓనరు దాన్నే మళ్లీ కొత్తగా పోస్టు చేస్తే, వేరే గ్రూపులోకి పంపితే అది వేరే సంగతి, దాని గడువు దానిదే.

క్రిమినల్ కేసుకు మూడేళ్లు, కానీ…

భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద పరువు నష్టానికి రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. 2024 జులై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీ 499, 500. శిక్ష రెండేళ్ల దాకా ఉంది కాబట్టి క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 514వ సెక్షను ప్రకారం గడువు మూడేళ్లు. సరైన కారణం ఉంటే 519 కింద పొడిగింపు కూడా అడగవచ్చు. కోర్టులో ఫిర్యాదు దాఖలైన తేదీనే గడువుకు లెక్కలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో తేల్చింది, కాబట్టి మెజిస్ట్రేటు ఎప్పుడు తీసుకుంటారా అన్న బెంగ అక్కర్లేదు.

ఇది పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదు. స్టేషనుకు వెళ్తే డైరీలో రాసుకుని కోర్టుకు పొమ్మంటారు, అది వాళ్ల నిర్లక్ష్యం కాదు, చట్టమే అంత. పరువు పోయిన మనిషి తానే ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లైంటు వెయ్యాలి, ప్రమాణం చేసి వాంగ్మూలం ఇవ్వాలి, సాక్షుల్ని తేవాలి. కొత్త చట్టంలో ఇంకో మెట్టు చేరింది: కేసు స్వీకరించే ముందు ఎదుటివాడికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలి. సరిహద్దు వాళ్లకు మరో చిక్కు. నిందితుడు ఆ మెజిస్ట్రేటు పరిధికి బయట ఉంటే, సమన్లు పంపేముందు విచారణ తప్పనిసరి. ఓనరు శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఉంటే పర్లాకిమిడి కోర్టులో నెలలు అలాగే కరిగిపోతాయి.

ఇంత తిరిగాక చేతికి వచ్చేది శిక్ష. పోయిన జీతం రాదు, ఉద్యోగం రాదు. మా సలహా ఏమిటంటే, క్రిమినల్ దారిని మొదటి ఆయుధంగా వాడొద్దు. మాట బయటి జనంలోకి వెళ్లి ఉండి, ఎదుటివాడు తగ్గనంటే, లేదా సివిల్ గడువు చేజారిపోయి ఉంటేనే అటు చూడాలి.

ఉద్యోగం కావాలా, మాట వెనక్కి కావాలా?

ఉద్యోగమే ముఖ్యమైతే లేబర్ దారి మేలు. పరువు నష్టం దావా గెలిచినా కోర్టు మిమ్మల్ని మళ్లీ పనిలో పెట్టించదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. సమస్య పుట్టిన ఏడాది లోపు దానికి అర్జీ పెట్టుకోవాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. పని తీసేస్తే నేరుగా జిల్లా లేబర్ ఆఫీసులో రాజీ అధికారి దగ్గరికి వెళ్లవచ్చు. పాత చట్టంలో మూడేళ్లుండే గడువు కోడ్‌లో రెండేళ్లకు తగ్గింది. పాత లెక్క పెట్టుకుని నిదానించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మేనేజర్లకు, నెలకు 18,000 దాటి జీతం ఉన్న సూపర్‌వైజర్లకు ఈ దారి లేదు, వాళ్లు సివిల్ కోర్టుకే పోవాలి.

గోదావరి అవతల లెక్క మారుతుంది. సిరొంచ, బల్లార్షా, ధర్మాబాద్ వైపు పనిచేసేవాళ్లకు మహారాష్ట్రలో 1971 నాటి అనుచిత కార్మిక విధానాల చట్టం ఉంది. తప్పుడు క్రిమినల్ కేసులో ఇరికించి తీసెయ్యడం, పచ్చి అబద్ధపు కారణం చూపి తీసెయ్యడం ఆ చట్టంలో పేరు పెట్టి రాసిన తప్పులు. కానీ ఫిర్యాదుకు 90 రోజులే. కోడ్ వచ్చాక ఆ చట్టాన్ని మీ కంపెనీకి ఎలా వర్తింపజేస్తున్నారో అక్కడి లేబర్ కోర్టు లాయరును మొదటి వారంలోనే అడగాలి, ఎందుకంటే 90 రోజులు చూస్తుండగానే అయిపోతాయి.

లైంగిక వేధింపుల ఫిర్యాదుల సంగతి పూర్తిగా వేరు. 2013 చట్టం కింద ఘటన జరిగిన మూడు నెలల్లో కంపెనీలోని వేధింపుల ఫిర్యాదుల కమిటీకి రాసివ్వాలి, కమిటీ ఒప్పుకుంటే ఇంకో మూడు నెలలు. పది మంది కంటే తక్కువ ఉన్న చోట జిల్లాలోని లోకల్ కమిటీకి. ఫిర్యాదు చేసినామె పేరు గానీ, ఎదుటివాడి పేరు గానీ బయటపెట్టడం 16వ సెక్షను ప్రకారం నిషేధం. ‘రుజువు కాలేదు’ అని తేలినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు అయిపోదు. ఈ తేడా తెలియక రెండు పక్షాలూ తొందరపడి పరువు నష్టం నోటీసులు పంపుకుంటుంటారు.

ఓనరు మాటలతో ఊరుకోకుండా దొంగతనం కేసు కూడా పెట్టి, అది కోర్టులో వీగిపోతే, అప్పుడు చేతిలోకి ఇంకో దావా వస్తుంది. దురుద్దేశంతో కేసు పెట్టినందుకు పరిహారం అడగడానికి లిమిటేషన్ చట్టం 74వ ఆర్టికల్. దీనికీ ఏడాదే గానీ, నిర్దోషిగా విడుదలైన రోజు నుంచి మొదలవుతుంది. పరువు నష్టం గడువు ఎప్పుడో దాటిపోయినవాళ్లకు ఇదొక్కటే మిగిలే సివిల్ దారి కావచ్చు.

దావా నిలబడుతుందా? గ్రూపులో ఎవరున్నారో చూడండి

యజమానికి తన సిబ్బందిని మందలించే హక్కు ఉంది, తన సొమ్ము కాపాడుకోవడానికి సంబంధం ఉన్నవాళ్లను హెచ్చరించే హక్కూ ఉంది. న్యాయ సంహిత 356లోని మినహాయింపుల్లో ఇవి ఉన్నాయి, సివిల్ కోర్టు కూడా సద్బుద్ధితో అన్న అలాంటి మాటకు రక్షణ ఇస్తుంది. అదే మెసేజు వాచ్‌మన్‌కీ, అకౌంటెంటుకీ మాత్రమే వెళ్లి ఉంటే దావా బలహీనం. ఓనరు పగబట్టి రాశాడని రుజువు చెయ్యాల్సిన బరువు మీ మీద పడుతుంది. కానీ గ్రూపులో వ్యాపారులున్నారు, బ్రోకరున్నాడు. గేటు మూసెయ్యడానికి వాళ్లకు తెలియాల్సిన పనేముంది? కేసు ప్రాణం అక్కడుంది.

అందుకే మొదట చెయ్యాల్సింది మెసేజు స్క్రీన్‌షాట్ కంటే గ్రూపు సభ్యుల జాబితా స్క్రీన్‌షాట్. నోటీసు అందగానే ఓనరు చేసే మొదటి పని బయటివాళ్లను గ్రూపులోంచి తీసెయ్యడం. తర్వాత ‘అది స్టాఫు గ్రూపే’ అంటాడు. జాబితా, మెసేజు పైన తేదీ, టైము, పంపిన నంబరు, ముందూ వెనకా ఉన్న నాలుగైదు మెసేజులు కూడా పడేలా తియ్యాలి. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టాలి. ఫోను మార్చకూడదు, ఫార్మాట్ చెయ్యకూడదు. ప్రింట్లు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం ఆ ఫోను వాడే మనిషి, ఇంకో భాగం నిపుణుడు సంతకం చెయ్యాలి, ఫైలు హాష్ విలువ (ఫైలును మార్చలేదని చూపించే గుర్తు సంఖ్య) రాయాలి. దావా వేసే ముందు రోజు ఇది గుర్తొస్తే పరుగులే. ఇంకో మాట, ఆ మెసేజును ‘చూడండి ఎంత ఘోరమో’ అంటూ మీరే మూడు గ్రూపుల్లోకి ఫార్వర్డ్ చెయ్యకండి. ఊరంతా పాకించింది మీరేనంటారు.

సరిహద్దు ఏ వైపు వెయ్యాలి?

సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ సెక్షను ఇక్కడ మనవైపుంది. తప్పు ఒక కోర్టు పరిధిలో జరిగి, చేసినవాడు ఇంకో కోర్టు పరిధిలో ఉంటే, ఎక్కడ వెయ్యాలో వాది ఇష్టం. మెసేజును పర్లాకిమిడిలో జనం చదివారు, ఓనరుది శ్రీకాకుళం. రెండు చోట్లా కుదురుతుంది.

పర్లాకిమిడిలో వేస్తే రానుపోను ఖర్చు ఉండదు, మీ తోటి పనివాళ్లు సాక్ష్యానికి వస్తారు. పొరుగు రాష్ట్రం కోర్టుకు బస్సెక్కి రమ్మంటే మొదటి వాయిదాకు వస్తారేమో, మూడోదానికి రారు. శ్రీకాకుళంలో వేస్తే తెలుగు కాగితాలు తెలుగులోనే నడుస్తాయి, డిక్రీ వస్తే ఓనరు ఆస్తులు ఆ ఊళ్లోనే ఉంటాయి. పర్లాకిమిడి డిక్రీని వసూలుకు శ్రీకాకుళం కోర్టుకు బదిలీ చేయించుకోవాలి, అదొక తతంగం. సాక్షులు ముగ్గురికి మించి మీ ఊరివాళ్లే అయితే మీ ఊళ్లో వెయ్యండి. కేసంతా ఒక మెసేజు మీదే నిలబడి ఉంటే ఓనరు ఊరే మేలు. సిరొంచ వాళ్లకు ఈ లెక్క ఇంకా పదునుగా తగులుతుంది: వంతెన దాటితే కాళేశ్వరం, జిల్లా కేంద్రం గడ్చిరోలికి పోవాలంటే రోజంతా ప్రయాణానికే.

భాష విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ కేసును మార్చేస్తుంది. పరువు నష్టం దావాలో అన్న మాటను అన్నది అన్నట్టు రాయాలి. ‘నన్ను దొంగ అన్నారు’ అని సారాంశం రాస్తే, మెసేజులో దొంగ అన్న మాటే లేదని ఎదుటి లాయరు లేచి నిలబడతాడు. ఒడిశా కోర్టులో ఒడియా లేదా ఇంగ్లీషు అనువాదం, మహారాష్ట్రలో మరాఠీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచెయ్యాలి. ఇప్పుడు ‘చేతివాటం’ చూడండి. తెలిసీ తెలియని అనువాదకుడు దాన్ని ‘చేతి అలవాటు’ అని రాస్తే జడ్జికి అందులో నిందే కనబడదు. అదే ‘దొంగ’ అని రాసేస్తే మాట మార్చారంటారు. సరైన పద్ధతి, దావాలో తెలుగు మాటను యథాతథంగా పెట్టి, ‘నమ్మి అప్పగించిన సొమ్ములోంచి గుట్టుగా కాజేసే అలవాటు’ అని తెలుగువాళ్లు దాన్ని ఎలా అర్థం చేసుకుంటారో పక్కనే రాసి, ఆ గ్రూపులో ఉన్న ఒక సాక్షి చేత అదే చెప్పించడం. ‘లెక్క తేలలేదు’ అని మాత్రమే రాసి ఉంటే మాత్రం దావా ఊసెత్తకపోవడమే మంచిది. అది తేడా చెప్పిన మాట, నింద అనడం కష్టం.

కోర్టు ఫీజు మీరు అడిగే మొత్తాన్ని బట్టి ఉంటుంది, ముందే కట్టాలి. పది లక్షలు అడిగితే పది లక్షల మీద. 12,000 జీతం పోయినవాడు పోయిన నెలల జీతానికి కొంత కలిపి అడిగితే అడిగినదానికి ఆధారం ఉంటుంది, ఫీజూ భరించేలా ఉంటుంది. ఆడవాళ్లు, ఎస్సీ ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షను కింద ఉచిత న్యాయ సహాయానికి అర్హులు, ఆదాయంతో పనిలేదు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సంస్థ ఆఫీసులో అర్జీ ఇవ్వాలి. లాయరును కేటాయించడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి పదకొండో నెలలో వెళ్తే లాభం లేదు.

మీ ఫిర్యాదే మీ మీదకు తిరగకుండా

యజమాని మీద అధికారం ఉన్నవాళ్లకు సద్బుద్ధితో ఇచ్చే ఫిర్యాదుకు 356లో రక్షణ ఉంది. లేబర్ ఆఫీసు, కంపెనీ కమిటీ, పోలీసులు, ఇవి సరైన చోట్లు. అదే ఫిర్యాదు నకలు కులసంఘం గ్రూపులోనో, ఊరి పేజీలోనో పెడితే ఆ రక్షణ పోతుంది, మీ మీద కూడా అదే ఏడాది, అదే మూడేళ్ల గడియారాలు మొదలవుతాయి. ఫిర్యాదులో చూసింది చూసినట్టు రాయండి: ‘ఫలానా తేదీ ఈ మాట రాశారు, ఫలానావాళ్లు చదివారు.’ ‘ఓనరే సరుకు అమ్ముకుని నా మీద పెట్టాడు’ అన్న అనుమానం మీ దగ్గర కాగితం లేకపోతే మనసులోనే ఉంచుకోండి.

రాజీ కుదిరేలా ఉంటే

చాలా కేసులకు ఇదే మంచి ముగింపు, దీన్ని తక్కువగా చూడనక్కర్లేదు. కానీ నోటి మాట రాజీ వద్దు. మాట ఎక్కడ అన్నారో అక్కడే, అదే గ్రూపులో, అదే నంబరు నుంచి వెనక్కి తీసుకోవాలి: "14-11-2025న నేను పెట్టిన మెసేజు తప్పు. స్టాకు తేడాకు అతను కారణం కాదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను." గ్రూపులోంచి తీసేసిన వ్యాపారులకు విడిగా అదే పంపాలి. దాంతో పాటు సర్వీసు సర్టిఫికెట్, బాకీ జీతం, ఇద్దరి సంతకాలతో ఒప్పందం. ‘పండగ వెళ్లాక చూద్దాం’, ‘అబ్బాయి విదేశం నుంచి వచ్చాక’ అంటూ నెలలు సాగదీస్తుంటే, రాజీ మాటలు నడవనిచ్చి పదో నెలలో దావా కాగితాలు కోర్టులో వేసెయ్యండి. దావా వేశాక కూడా రాజీ చేసుకోవచ్చు, కోర్టు దాన్నే డిక్రీగా రాసిస్తుంది.